నీలం చీర దాటిన పంది

బీర్పూర్,
ఆగస్టు 2

వదినకు బాలమణి నమస్కారాలు.

నీ చెవులను మరమగ్గాల సాంచాల మోత తినేసిన నాటి నుంచి మనిద్దరికీ ఉత్తరాలే గతి అయ్యాయి. ఉత్తరం అనగానే నాకు పదో తరగతి తెలుగు సారు గుర్తొచ్చి చెయ్యి పుస్తకం భాషలోకి పోతుంది. కోపమొస్తే మాత్రం మన మాటే వస్తుంది, ఏమనుకోకు.

ఈసారి అడవి పక్క చేనంతా మక్కజొన్న వేశాను. నా ఎత్తు దాటింది. చూస్తే కడుపు నిండుతుంది, ఆ వెంటనే భయమూ వేస్తుంది. పోయినేడు కంకి పాలు పట్టగానే అడవిపందులు దిగి సగం చేను పండబెట్టాయి కదా. మొన్న దుబాయి నుంచి మీ తమ్ముడు ఫోన్ చేసి ఏమన్నాడో విను. "గీసారి గూడ పందుల పాలైతే చేను కౌలుకిచ్చెయ్యి బాలమణి. నువ్వు ఇంట్ల నీడపట్టున కూసోని బీడీలు చేసుకో." నా మంచికే అన్నాడు. కానీ వదినా, నాకు ఏడుపొచ్చింది. బీడీలు నేను చెయ్యని పనేం కాదు. ఈ చేను మాత్రం నేను దున్నించి, నేను విత్తి, నేను నీళ్లు కట్టింది. ఇది పోతే ఇంటికి తాళంకప్పలా మిగిలిపోతాను.

పందులకు తెలివి బాగా పెరిగింది. మొదట్లో పటాకులు కాలిస్తే గుట్ట ఎక్కేవి. ఇప్పుడు పటాకుల చప్పుడైతే మనిషి చేనుకు ఆ చివర ఉన్నాడని తెలుసుకుని ఈ చివర దిగుతున్నాయి! ఆలోచిస్తే నాకొకటి తోచింది. భయపడ్డ పందులు అడవిలో పస్తులున్నాయి. భయపడనివి మన కంకులు తిని బలిసి పిల్లల్ని పెట్టాయి. ఇప్పుడొచ్చేవన్నీ ఆ పిల్లలే. మనం బెదిరించిన కొద్దీ మొండివే మిగులుతున్నాయి. వాటిలో ఒక ఆడపంది ఉంది, ఎడమ చెవి చినిగి ఉంటుంది, మందకంతా అదే పెద్ద. దానికి తెగచెవిది అని పేరు పెట్టాను.

ఊళ్లో అందరూ చేను చుట్టూ చీరలు కడుతున్నారు. చీర ఉంటే మనిషి ఉన్నట్టేనని పందులు ఆగుతాయట. నా పాత చీరలన్నీ కలిపినా ఒక గట్టుకు సరిపోవు. చీరల ఊళ్లో ఆడబిడ్డ ఉండగా నేనెవరిని అడగాలి? కంకి పట్టకముందే పంపు.

నీ బాలమణి

*

సిరిసిల్ల,
ఆగస్టు 9

మరదలా,

నీ ఉత్తరం పక్కింటి భాగ్యకు మెల్లగా చదివి వినిపించాను. నేనైతే మెల్లగానే అనుకున్నాను. వీధి చివర కిరాణా దుకాణం ఆయన "పందులకు ఎన్ని చీరలు గావాల్నక్కా?" అని అడిగాడట. సాంచాల కార్ఖానాలో ఇన్నేళ్లు అరుచుకుంటూ బతికిన గొంతు, ఇంటికొచ్చినా తగ్గదు.

చీరల సంగతి నాకు వదిలెయ్. కార్ఖానా నడిపే ఆసామి కాళ్లావేళ్లా పడి డ్యామేజీ చీరలు తెప్పించాను. పోగు తప్పినవి, రంగు కలవనివి. ఎరుపు, పసుపు, నీలం, చిలకాకుపచ్చ, అన్నీ మడత విప్పని కొత్తవే! ఆడబిడ్డ పంపిన కంచె చూసి మీ ఊరు కళ్లు తేలెయ్యాలి. మూట జగిత్యాల బస్సుకు వేశాను, స్టాండులో పార్సిల్ కౌంటరు దగ్గర తీసుకో.

నువ్వు పందుల గురించి రాసింది చదివాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. మా ఇంటికి ఎదురుగా కార్ఖానా రేకుల సందుల్లో గోరింకలు ఉంటాయి. అవి అన్ని గోరింకల్లా కూయవట, గొంతు పైకెత్తి కీచుమంటాయట. కరెంటు పోయి సాంచాలు ఆగినా అట్లాగే అరుస్తాయని, మానేరు ఒడ్డున ఉండేవాటిది మామూలు గొంతేనని భాగ్య చెబుతుంది. నాకు వినపడదు గానీ అరిచేటప్పుడు వాటి మెడ ఎంత సాగుతుందో కనపడుతుంది. నీ లెక్కే ఇక్కడా సరిపోయింది చూడు! మెల్లగా పిలిచిన గోరింక ఆ మోతలో జోడీకి వినపడి ఉండదు. అరిచినవే గూడు కట్టాయి, వాటి పిల్లలే మిగిలాయి. అవీ నేనూ ఒకే కార్ఖానా పంట. పొద్దంతా వాకిట్లో కూర్చుని వాటినే చూస్తుంటాను. అంటే, ఆదివారాలు. మిగతా రోజులు కండెలకు దారం చుట్టే పనితోనే ఊపిరాడదు, నీకు తెలిసిందే.

కోరుట్లలో మన బిడ్డ శ్వేతకు నెలలు దగ్గర పడుతున్నాయి. రెండో కాన్పే కదా అని తేలిగ్గా తీసుకోవద్దని చెప్పు.

వసంత

*

బీర్పూర్,
ఆగస్టు 22

వదినా,

ఊరు కళ్లు తేలేసిన మాట నిజమే. పక్క చేను సత్యవ్వ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఏందే బాలమణి, పందులకు పెండ్లి గిట్ల చేస్తున్నవా? గిన్ని కొత్త చీరలు పెడుతున్నవు!" అన్నది. నేనూ నవ్వాను. రెండు రోజులు పోయాక పొద్దున్నే చేనుకు పోయి చూస్తే నా నవ్వంతా ఎగిరిపోయింది.

పెళ్లిపందిట్లోకి వచ్చినట్టే వచ్చాయి వదినా! తెగచెవిది ముట్టెతో చీర పైకెత్తితే పిల్లలన్నీ కింది నుంచి దూరినట్టున్నాయి. నీ చిలకాకుపచ్చ చీరను బురదలోకి లాగి దాని మీద పొర్లాడాయి. ఇంకా కంకి పట్టలేదు కాబట్టి గట్టు పక్క సాళ్లతో పోయింది.

ఏడ్చుకుంటూ చేను చుట్టూ తిరిగాను. ఒక మూల చీర తక్కువైతే, నేను కలుపుకు కట్టుకుని విడిచిన చీరే అక్కడ కట్టాను. ఆ చీర దాకా వచ్చిన పంది అడుగులు వెనక్కి తిరిగి ఉన్నాయి! సత్యవ్వ చేనుకు ఉరికాను. ఆమెవన్నీ చిరుగుపాతలే, అక్కడా అడుగులు అట్లాగే వెనక్కి తిరిగాయి. నేను గంతులు వేస్తుంటే సత్యవ్వ వచ్చి చూసి, "అవ్ గదనే! పందికి కండ్లు తక్కువ, ముక్కు ఎక్కువ. నీ కొత్త చీరలల్ల రంగు వాసనున్నది, మనిషి వాసనేది?" అన్నది. ఊరంతా కట్టేది పాత చీరలే కాబట్టి ఇన్నాళ్లూ ఈ తేడా ఎవరికీ తెలియలేదు. కొత్త చీరలతో కంచె కట్టిన పిచ్చోళ్లం మనిద్దరమే!

ఇప్పుడు అడగడానికి సిగ్గుగా ఉంది. నాకు కట్టి విడిచిన చీరలు కావాలి. చెమట పట్టినవి, ఉతకనివి. నీ కొత్త చీరలన్నీ మూటగట్టి అదే బస్సుకు వేస్తున్నాను. తిట్టాలనుకుంటే తిట్టు, కానీ చీరలు పంపి తిట్టు.

బాలమణి

*

సిరిసిల్ల,
సెప్టెంబరు 2

ఓ మరదలు పిల్లా,

ముందు తిట్టు తీసుకో. "సిగ్గు షరం సంతల అమ్ముకున్నవా? ఆడిబిడ్డను ఇడిసిన చీరలడుగుతవా?" విడిచిన చీర పరాయి చేతిలో పడితే ఎవరేం చేతబడి చేస్తారోనని మా అమ్మ భయపడేది. ఆమె కూతురు ఇప్పుడు మూటలు గట్టి పందుల చేతికి పంపుతోంది.

తిట్టు అయిపోయింది, ఇక సంగతి విను. అన్నాల వేళ భాగ్య కార్ఖానాలో నీ ఉత్తరం సంగతి చెప్పిందట. ఆడవాళ్లంతా పడీ పడీ నవ్వి, నువ్వు వెనక్కి పంపిన వాటిలోంచి తలా ఒక చీర తీసుకున్నారు. రేకుల కింద ఉక్కపోత, పైగా పాలిస్టర్. చెమట పట్టిందంటే ఓ పట్టాన వదలదు. వారం నుంచి కార్ఖానా కార్ఖానా నీ కంచెనే కట్టుకుని పని చేస్తోంది! ఎవరింట్లోనూ ఉతకనియ్యడం లేదు. ఒకామె మొగుడు ముక్కు మూసుకుని అరుగు మీద పడుకుంటున్నాడట.

ఇప్పుడు వీళ్లకు పోటీ కూడా మొదలైంది. ఎవరి చీరకు పందులు ఎక్కువ భయపడతాయో తేలాలంట. అందుకని తలా ఒక రంగు దారం కొంగుకు ముడేశారు. ఎవరి చీర పంది దాటితే వాళ్లు అందరికీ మిర్చి బజ్జీలు పెట్టించాలి. భాగ్యది ఎర్ర దారం. నాది నీలం చీర, తెల్ల దారం. నా చీర దాటి పంది వచ్చిందంటే నా పేరు మార్చుకుంటాను, రాసిపెట్టుకో!

వసంత

*

బీర్పూర్,
సెప్టెంబరు 13

వదినా, వదినా!

గెలిచాం! పోయిన వారమంతా మంద వచ్చి వచ్చి కంచె దగ్గర నుంచే మళ్లిపోతోంది. కంకులు బొద్దుగా పట్టాయి, గింజ గట్టిపడుతోంది. రోజూ తెల్లవారగానే అడుగులు చూడటానికి పరుగెత్తుతున్నాను. సత్యవ్వ కూడా నా వెంట వస్తోంది. సిరిసిల్ల చెమటకు సాటి లేదని ఒప్పుకుంది.

ఒక్క చోట తప్ప. పేరు ఏమని మార్చుకుంటావో ఆలోచించుకో వదినా. తెగచెవిది నీ నీలం చీర కింది నుంచే దూరింది!

మొదట ఆ మూల చెడ్డదేమో అనుకున్నాను. నీ చీర విప్పి పడమటి గట్టుకు కట్టి, దాని చోట భాగ్య చీర కట్టాను. భాగ్య చీర దగ్గర ఆగాయి, పడమటికి పోయి నీ చీరనే దాటాయి. ఆడబిడ్డవు కాబట్టి పందుల మీద కూడా దయ చూపిస్తున్నావని సత్యవ్వ ఒకటే నవ్వు.

తర్వాత ఆ చీరను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. సబ్బు వాసన వచ్చింది. ఇస్త్రీ మడత కూడా పోలేదు. అందరికంటే చెమటోడ్చేదానివి నువ్వు, మరి నీ చెమటంతా ఏమైంది? ఆసామి నీ ఒక్కదానికి ఏసీ పెట్టించాడా? నవ్వులాటకే మొదలుపెట్టాను గానీ రాస్తుంటే గుబులుగా ఉంది. ఒంట్లో బాగుందా వదినా? నిజం రాయి.

బాలమణి

*

సిరిసిల్ల,
సెప్టెంబరు 17

బాలమణీ,

బజ్జీలు పెట్టించాను. అందరూ తిన్నారు.

తమ్ముడికీ నీకూ తెలియకుండా దాచింది ఆ తెగచెవిది ముక్కుతో కనిపెట్టేసింది. నాకు పని పోయింది. ఉగాది దాటాక కార్ఖానాలో కండెలు చుట్టే కొత్త మిషన్లు వచ్చాయి. దారం తెగితే అవి కూత పెడతాయి, పోయి ముడి వెయ్యాలి. నా మిషను కూస్తూనే ఉంటుంది, నేను పక్క మిషను చూస్తూ ఉంటాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆసామి కసురుకోలేదు, తల వంచుకునే చెప్పాడు. నా చెవులు తీసుకున్నదీ ఆ కార్ఖానానే, ఇప్పుడు చెవులు కావాలన్నదీ ఆ కార్ఖానానే. ఎవరిని ఏమనాలి?

పని లేనిదానికి చెమట ఎక్కడిది? నీలం చీర ఒక రోజు కట్టుకుని ఫ్యాను కింద కూర్చున్నాను. విడిచాక పుట్టింటి చేనుకు మాసిన చీర పంపడానికి చెయ్యి రాలేదు. ఉతికి ఇస్త్రీ చేసి పెట్టేశాను. పంది ఇంత పట్టింపు మనిషని నాకేం తెలుసు?

ఎందుకు చెప్పలేదని అడగకు. ఆడబిడ్డ పుట్టింటికి పండక్కి రావాలి గానీ పని పోయి రాకూడదు. మీ అన్నయ్య పోయినప్పుడు కూడా నేను ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. ఎండల్లో మాడుతున్న తమ్ముడికి ఇది చెప్పావంటే నీతో మాట్లాడను. జాలి పడుతూ ఉత్తరం రాశావంటే చదవకుండా చింపేస్తాను.

వసంత

*

బీర్పూర్,
సెప్టెంబరు 20

వదినా,

జాలి పడే తీరిక నాకు లేదు. ముందు నా కోపం విను. "ఉగాది నుంచి గింత బాధ కడుపుల వెట్టుకోని కూసున్నవా? నీ అసొంటి మొండిదాన్ని నేను పందులల్ల గూడ చూడలే!" ఇక నా కష్టం విను.

చీరల పని అయిపోయింది. నిన్న భాగ్య చీర కూడా దాటాయి. రోజూ అడుగులు చూస్తున్నాను కదా, అది ఎట్లా నేర్చుకుందో తెలిసిపోయింది. మొదట దూరం నుంచే తిరిగిపోయేది. తర్వాత కొంచెం దగ్గరికొచ్చి నిలబడేది. ఆడమనిషి వాసన రోజూ ఒకే చోట ఉంటుంది, కానీ ఆ మనిషి కదలదు, తిట్టదు, రాయి విసరదు. ఇదేం మనిషి అనుకున్నట్టుంది! మనం తాడిని తన్నేవాళ్లమైతే అది మన తలదన్నేది. కోపం వస్తుంది గానీ, దాని ఓపిక చూస్తే ముచ్చట కూడా వేస్తుంది వదినా. దానికీ పిల్లలున్నాయి.

ఇంతలో శ్వేతకు ఏ రోజైనా కాన్పు కావచ్చని డాక్టరమ్మ అన్నది. నేను కోరుట్ల పోకుండా ఎట్లా ఉంటాను? కోతకు ఇంకా రెండు వారాలు పడుతుంది. సత్యవ్వకు ఆమె చేనే ఎక్కువ. నేను పోయిన మర్నాడే పందులు దిగితే మీ తమ్ముడి మాటే నెగ్గుతుంది, చేను కౌలుకు పోతుంది.

చీర చాలదు వదినా, చీరలో మనిషి కావాలి. అది కూడా అరిచే మనిషి. పోయిన బతుకమ్మకు వచ్చినప్పుడు నువ్వు నన్ను చాయ్ అడిగితే, సత్యవ్వ తన ఇంట్లోంచి చాయ్ పట్టుకొచ్చింది, గుర్తుందా? నీ గోరింకల గొంతు కార్ఖానాకు అక్కరలేకపోతే నా చేనుకు అక్కర ఉంది. నువ్వు పని పోయి రావడం లేదు, పని మీద వస్తున్నావు. ఆదివారం పొద్దున బస్సెక్కు. రాకపోతే నేనే సిరిసిల్ల వచ్చి నీ వాకిట్లో కూర్చుని ఏడుస్తాను, నీకు వినపడకపోయినా వీధికి వినపడుతుంది.

బాలమణి

*

కోరుట్ల,
అక్టోబరు 1

వదినా,

ఆడపిల్ల! తల్లీ పిల్లా క్షేమం. ఆ ఏడుపు ఏం ఏడుపు! నర్సు చెవులు మూసుకుంది. "అత్తకు గూడ ఇనవడ్తది గీ గొంతు" అని శ్వేత నవ్వుతోంది. నిజంగానే నీకు వినపడుతుందేమో, వచ్చి ఎత్తుకుందువు గాని.

చేను నీ మీద వదిలి వచ్చినా నా మనసు మాత్రం సగం అక్కడే ఉంది. సత్యవ్వకు ఫోన్ చేస్తే చేను సంగతి చెప్పకుండా, "మీ ఆడిబిడ్డ ఒర్రుడుకు మా బర్రె పాలు చేపుతలేదు" అని పెట్టేసింది. ఏమనుకోవాలి నేను? మీ తమ్ముడు రోజూ ఒకటే అడుగుతున్నాడు, "చేనున్నదా, పోయిందా?" అని. నీ ఉత్తరం వచ్చేదాకా నోరు విప్పనని చెప్పాను. తొందరగా రాయి. మంచైనా చెడైనా దాచకు, దాస్తే తెగచెవిది నాకు చెప్పేస్తుంది.

బాలమణి

*

బీర్పూర్,
అక్టోబరు 6

మరదలా, అమ్మమ్మా!

పాప పుట్టిందని చదివి ఎంత గట్టిగా అరిచానో, సత్యవ్వ మళ్లీ కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. మళ్లీ అని ఎందుకన్నానో చెబుతాను.

నువ్వు పోయిన మొదటి రోజుల్లో తెగచెవిది నాతో ఆడుకుంది. నేను తూర్పున ఉంటే పడమట దిగేది. నాకు చప్పుడు వినపడదని దానికి ఎట్లా తెలిసిందో! నాలుగు సాళ్లు పోయాయి, ముందే చెబుతున్నాను. అప్పుడు మంచె మీద కూర్చుని చేనును చూడటం మొదలుపెట్టాను. గాలి వస్తే చేనంతా ఊగుతుంది. పంది వస్తే ఒక్క సాలే ఊగుతుంది. చెవులున్నవాళ్లు చప్పుడు కోసం చూస్తూ ఇది వదిలేస్తారేమో గానీ, నాకు కన్నార్పకుండా కూర్చోవడం ఒక పనా? కండెల మీద తెగిన పోగును అట్లాగే పట్టేదాన్ని.

ఒకరోజు వాన పడి నా చీరంతా బురదయింది. ఎటూ పనికి రాకుండా వేలాడుతోంది కదా అని కంచెకున్న నా నీలం చీర విప్పి కట్టుకున్నాను. నాలుగైదు రోజులు అదే చీరతో గట్లు తిరిగాను, అదే చీరతో కలుపు పీకాను. చెమట సంగతి ఇక అడగకు!

ఒకనాడు పొద్దు గుంకే వేళ పడమటి గట్టు మీద కదలకుండా నిలబడ్డాను. తుప్పల్లోంచి వచ్చింది తెగచెవిది. వెనక వరుసగా పిల్లలు. ఎంత పెద్దదే అది! అది నీలం చీరను చూసింది. పాత చుట్టాన్ని చూసినట్టు చూసి నేరుగా నా మీదికే నడిచొచ్చింది. ఆ చీరలో ఎవరూ ఉండరని దానికి తెలుసు కదా! దగ్గరికొచ్చాక ముట్టె పైకెత్తింది. ఆగింది. నేను నోరు తెరిచాను. ఏమని అరవాలో తోచలేదు బాలమణీ, నాకు వచ్చిన అరుపు ఒక్కటే.

"భాగ్యా! పోగు తెగిందే! సాంచా బంద్ జెయ్!"

తెగచెవిది ఉన్నచోటే గాల్లోకి లేచి తిరిగింది. పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఎటు పోవాలో తెలియక ఉరికాయి. సత్యవ్వ కర్ర పట్టుకుని "ఎవలు సచ్చిండ్రే?" అంటూ వచ్చింది. నేను గట్టు మీద కూలబడి నవ్వుతున్నాను, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. పని పోయిన నాటి నుంచి అంతగా నవ్వింది లేదు, అంతగా ఏడ్చిందీ లేదు.

ఆ తర్వాత ఒకటి చేసి చూశాను. విడిచిన నీలం చీరను ఉతకకుండా అదే చోట కర్రకు కట్టి నేను మంచె మీద కూర్చున్నాను. వచ్చింది, చూసింది, వాసన పట్టింది. ఒక అడుగు ముందుకు వేసి, రెండడుగులు వెనక్కి వేసి, చాలాసేపు తేల్చుకోలేక అడవిలోకి వెళ్లిపోయింది. చీరలో మనిషి లేదని ఇంతకు ముందు దానికి తెలుసు. ఇప్పుడు ఉందో లేదో తెలియడం లేదు!

నిన్నటితో కోత అయిపోయింది. కంకులు నీ వాకిట్లో కుప్పబోసి ఉన్నాయి, లోపలికి పోవాలంటే పక్కకు ఒదిగి నడవాలి. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పు, చేను ఉంది, కౌలుకు ఇవ్వం అని. నా పని పోయిన సంగతి కూడా చెప్పెయ్. ఇప్పుడు చెబితే నాకు నామోషీ లేదు.

యాసంగి పంటకు అది ఇంకేదో నేర్చుకుని వస్తుంది, పిల్లలకూ నేర్పుకొస్తుంది. అప్పటికి నేను కొత్తది ఏం చెయ్యాలా అని ఇప్పటి నుంచే ఆలోచిస్తున్నాను. సిరిసిల్లలో గది ఖాళీ చేస్తానని భాగ్యకు రాశాను. గోరింకలను అడిగానని చెప్పమన్నాను.

తెగచెవిది నా చీర దాటితే పేరు మార్చుకుంటానన్నాను కదా. ఉతికిన చీర దాటిన మాట నిజమే, దానికి బజ్జీలు పెట్టించాను. నేనున్న చీర అది దాటలేదు. అందుకని కింద పాత పేరే రాస్తున్నాను.

వసంత